సెలీనా: ఉత్తరాలు ముందే చెప్పిన సంగతి

సరిహద్దు గీతల్ని అక్కడి మనుషుల్ని అడిగి గీయరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బరంపురం తెలుగువాళ్లు కాలు కదపకుండానే మరో రాష్ట్రం వాళ్లయిపోయారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి మైసూరులో కలిసింది. హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు వైపు చేరింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కచేరీలో ఒక భాషగా బతకడం మనకు కొత్త కాదు. కనుక ఇప్పుడు చెప్పబోయే కథ దూరదేశపుదే అయినా, మన చదువరులకు బొత్తిగా పరాయిదిగా తోచదనుకుంటాను.

అమెరికాలోని టెక్సాస్ ఒకప్పుడు మెక్సికోలో భాగం. 1836లో విడివడి, 1845లో అమెరికాలో కలిసింది. 1848 నాటి ఒప్పందంతో సరిహద్దు రియో గ్రాండే నది దగ్గర స్థిరపడింది. నదికి ఉత్తరాన ఉన్న స్పానిష్ కుటుంబాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, దేశమే మారింది. ఆ టెక్సాస్ మెక్సికన్లను ‘టెహానో’లంటారు. వాళ్ల పాటకూ అదే పేరు. అకార్డియన్ వాద్యం, జర్మన్, చెక్ వలసదారులు తెచ్చిన పోల్కా నడక, మెక్సికో పల్లెపాట కలిసి ఆ సంగీతమయింది. ఒకప్పుడు అక్కడి బళ్లలో స్పానిష్ మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడేవి. పెళ్లిళ్లలో, జాతరల్లో, వారాంతపు నాట్యశాలల్లో మాత్రం ఆ భాష బతికింది. అంటే పాటలో బతికిందన్నమాట.

సెలీనా కింతనీయా 1971 ఏప్రిల్ 16న టెక్సాస్‌లోని లేక్ జాక్సన్‌లో పుట్టింది. తండ్రి అబ్రహాం యువకుడిగా ఉన్నప్పుడు ‘లోస్ దీనోస్’ అనే బృందంలో పాడినవాడు. ఆయన తన పిల్లలతోనే బృందం కట్టాడు. కొడుకు బాస్ గిటారు, పెద్దమ్మాయి డ్రమ్స్, చిన్నమ్మాయి సెలీనా పాట. కుటుంబం నడిపిన హోటలు 1981లో మూతపడింది. ఇల్లు పోయింది. కార్పస్ క్రిస్టి పట్టణం చేరి, పాత బస్సులో ఊరూరా తిరుగుతూ పెళ్లిళ్లలో, సంతల్లో పాడి పొట్టపోసుకున్నారు.

ఇక్కడొక విశేషం. ఆ పిల్లకు స్పానిష్ రాదు. ఆమె పెరిగింది ఇంగ్లీషులో. తండ్రి పాటను మాటమాటగా పలికించి నేర్పాడు. అర్థం తరవాత వచ్చింది, ముందు ఉచ్చారణ వచ్చింది. తమిళ లిపిలో రాసుకుని త్యాగరాజ కృతి నేర్చుకునే పిల్లల్ని ఎరిగిన మనకు ఇది వింత కాదు. తెలుగు కుటుంబంలో పుట్టి తెలుగు అక్షరం రాని మన పిల్లలు ఉగాది వేదిక మీద పద్యం చదివేటప్పుడు ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ల కళ్లు ఎందుకు చెమరుస్తాయో, టెహానోలు సెలీనాను ఎందుకు అంతగా ప్రేమించారో, రెండింటికీ కారణం ఒకటే. పోతుందనుకున్న భాష ఒక చిన్నపిల్ల గొంతులో తిరిగి వినిపించింది.

1994లో ఆమెకు గ్రామీ బహుమతి వచ్చింది. 1995 ఫిబ్రవరి 26న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో ఆమె పాట వినడానికి 60 వేలమందికి పైగా వచ్చారు. అప్పటికామెకు ఇరవైమూడేళ్లు. ఆ తరవాత అయిదు వారాలకే ఆమె లేదు.

అంత జనంలో ఆమెకు కీడు ఎక్కడనుంచి వస్తుందని ఎవరైనా భయపడ్డారంటే, ఆ గుంపు నుంచే వస్తుందని భయపడి ఉంటారు. తోపులాట, వేదిక ఎక్కే కుర్రాళ్లు, అర్ధరాత్రి రోడ్డు ప్రయాణం. తండ్రి కావలి కాసింది వీటికే. గుంపు ఆమెనేమీ చెయ్యలేదు. కీడు చేసింది అభిమాన సంఘం అధ్యక్షురాలు.

యోలాండా సాల్దీవార్ శాన్ ఆంటోనియోలో నర్సు. సెలీనా కచేరీ చూసి ముగ్ధురాలై, అభిమాన సంఘం పెడతానని అబ్రహాం వెంటపడి ఒప్పించింది. 1991లో సంఘం మొదలయింది. రుసుము కట్టిన సభ్యులకు చొక్కా, బొమ్మలు, పాటల విశేషాలు పంపుతామన్నారు. పని బాగా చేసింది. నమ్మకం కుదిరింది. 1994లో సెలీనా తన పేరున దుస్తుల దుకాణాలు తెరిచినప్పుడు వాటి నిర్వహణ కూడా ఆవిడకే అప్పగించారు. దుకాణాల తాళాలు, చెక్కుల పుస్తకం ఆవిడ చేతికి వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ వేళనైనా సెలీనాను ఒంటరిగా కలిసే చనువు వచ్చింది.

1995 మొదట్లో అబ్రహాంకు ఉత్తరాలు, ఫోన్లు రాసాగాయి. మేము డబ్బు కట్టాం, మాకేమీ రాలేదు అని. రాసినవాళ్లు సామాన్యులు, చాలామంది కుర్రవాళ్లు. వాళ్లు అడిగింది ఒక చొక్కా, ఒక బొమ్మ. సెలీనా ప్రాణానికి ముప్పుందని వాళ్లలో ఒక్కరికీ తెలియదు. కాని నా ఉద్దేశంలో ఆ ముప్పును గురించి మొదట గంట కొట్టింది ఆ ఉత్తరాలే. సంఘం లెక్కల్లో ఏదో తేడా ఉందని, లెక్క తేడా ఉన్నచోట మనిషిలోనూ తేడా ఉంటుందని అవి చెప్పాయి.

తండ్రి ఆ ఉత్తరాల్ని పారెయ్యలేదు, ఆరా తీశాడు. సంఘం సొమ్మూ దుకాణాల సొమ్మూ పక్కదారి పట్టాయని కుటుంబం నిర్ధారణకు వచ్చింది. మార్చి 9న ఆవిణ్ణి పిలిచి నిలదీశారు. రెండు రోజులకు, మార్చి 11న, ఆవిడ శాన్ ఆంటోనియోలో ఒక రివాల్వరు కొన్నది. చట్టప్రకారం, దుకాణంలో, డబ్బిచ్చి కొన్నది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అయితే సెలీనా వెంటనే తెగతెంపులు చేసుకోలేకపోయింది. పన్నుల లెక్కకు కావలసిన బ్యాంకు కాగితాలు కొన్ని ఆవిడ దగ్గరున్నాయి. పైగా నిన్నటిదాకా అక్కలా తిరిగిన మనిషి. మార్చి 30 రాత్రి భర్త క్రిస్ పెరేజ్‌తో కలిసి కార్పస్ క్రిస్టిలో ఆవిడ దిగిన మోటెల్‌కు వెళ్లి కాగితాలు తెచ్చుకుంది. చూసుకుంటే కొన్ని లేవు. మర్నాడు శుక్రవారం, మార్చి 31. ఉదయాన్నే ఒంటరిగా మళ్లీ వెళ్లింది. తనపై అత్యాచారం జరిగిందని ఆవిడ చెబితే, ఆ మాట నమ్మి ఆసుపత్రికి కూడా తనే తీసుకెళ్లింది. తిరిగి మోటెల్ గదికి వచ్చాక మాటా మాటా పెరిగింది. సెలీనా వెనుదిరిగి వెళ్లబోతుండగా వెనకనుంచి ఒక్క గుండు. భుజం దగ్గర తగిలి రక్తనాళాన్ని తెంపింది. ఆమె మోటెల్ ముందు గది వరకూ పరుగెత్తి, కాల్చిందెవరో చెప్పి కూలిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట అయిదు నిమిషాలకు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఇరవైనాలుగు నిండడానికి పదహారు రోజులు తక్కువ.

కాల్చినావిడ తన బండిలో కూర్చుని, తుపాకి తన తలకే గురిపెట్టుకుని తొమ్మిది గంటలకు పైగా పోలీసుల్ని నిలబెట్టి, రాత్రికి లొంగిపోయింది. విచారణ హ్యూస్టన్‌లో జరిగింది, కార్పస్ క్రిస్టిలో నిష్పక్షపాతులైన జూరీ దొరకరని. పొరపాటున పేలిందన్నది ప్రతివాది వాదన. అక్టోబరు 23న జూరీ మూడు గంటలలోపే నేరం రుజువైందని తేల్చింది. శిక్ష యావజ్జీవం. ముప్పై ఏళ్ల తరవాతే విడుదలకు అర్జీ పెట్టుకునే వీలు.

అభిమానుల దుఃఖం ఎంతటిదంటే, అది పుకారేనని, పెట్టె ఖాళీదని చాలామంది నమ్మారు. చివరికి తండ్రి పెట్టె మూత తీయించి ముఖం చూపవలసి వచ్చింది. వేలమంది వరస కట్టి చూశారు. ఆ ఏడు జూలైలో వచ్చిన ‘డ్రీమింగ్ ఆఫ్ యూ’ ఆల్బం వచ్చీ రాగానే అమెరికా జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆమె ఎవరో అంతవరకూ తెలియని ఇంగ్లీషు అమెరికా ఆమె చావు వార్తతో ఆమెను తెలుసుకుంది. ఒక చిన్న భాషా సమాజం తన గొంతును పెద్ద సమాజానికి వినిపించడానికి ఇంత మూల్యం చెల్లించవలసి రావడం విచారకరం.

ఇంతకీ అడగవలసిన ప్రశ్న, పాటగాళ్లకు రక్షణ అంటే ఏమిటి? జాన్ లెనన్‌ను 1980 డిసెంబరు 8న చంపినవాడు అదే రోజు కొన్ని గంటల ముందు ఆయన చేత సంతకం పెట్టించుకున్నాడు. క్రిస్టినా గ్రిమ్మీ అనే ఇరవైరెండేళ్ల గాయనిని 2016 జూన్ 10న ఓర్లాండోలో, కచేరీ ముగించి అభిమానుల్ని పలకరిస్తుండగా, ఒకడు కాల్చి చంపాడు. వాడు ఆమెకు అపరిచితుడు, కాని వాడి మనసులో ఆమె తనదనుకున్నవాడు. ఆ సభాశాల గుమ్మంలో సంచులు చూశారు గాని లోహ పరీక్ష యంత్రాలు లేవు. మన దేశంలో పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా సంగతి వేరు. ఆయన్ను చంపింది అభిమాని కాదు, ముఠా. 2022 మే 28న పంజాబ్ ప్రభుత్వం 424 మందికి పోలీసు కాపలా తగ్గించింది, ఆ వివరం బయటికి పొక్కింది. మర్నాడు మే 29న, మిగిలిన ఇద్దరు కాపలాదారుల్ని కూడా వెంట తీసుకెళ్లని పూట, ఆయన్ను మాన్సా జిల్లాలో కాల్చి చంపారు. వయసు ఇరవైఎనిమిది.

యంత్రాలు పెట్టవచ్చు, కాపలా పెంచవచ్చు. పెట్టాలి కూడా. గ్రిమ్మీకి అవి అక్కరకు వచ్చేవి. మూసేవాలాకు కాపలా అక్కరకు వచ్చేదేమో. సెలీనాకు మాత్రం ఏదీ అడ్డం వచ్చేది కాదు. ఏ గుమ్మంలో ఏ యంత్రం పెట్టినా, ఆ గుమ్మం తాళం చెవి కాల్చినావిడ చేతిలోనే ఉంది.

ఇంగ్లీషులో ‘ఫ్యాన్’ అన్న మాట ‘ఫనాటిక్’కు కురచ రూపమంటారు. అంటే వెర్రి మొగ్గిన భక్తుడు. మనం వాడే మాట అభిమాని. మన భాషలో అభిమానానికి ఆత్మగౌరవమన్న అర్థమూ ఉంది. ‘అభిమానం గల మనిషి’ అంటాం. ఎదుటివాణ్ణి ప్రేమిస్తూనే తన హద్దు తానెరిగినవాడు అభిమాని. నువ్వు లేకపోతే నేను లేను అన్నచోట అభిమానం చచ్చిపోయి, నువ్వు నాదానివి అన్న మాట మొదలవుతుంది. సెలీనా కథలో ఈ ఇద్దరూ ఉన్నారు. గదినిండా ఆమె బొమ్మలు పెట్టుకుని, తన బతుకంతా ఆమేనని చెప్పుకున్న అధ్యక్షురాలు ఒకరు. చొక్కా రాలేదని కార్డు ముక్క రాసి ఊరుకున్న పిల్లలు ఇంకొకరు. ఎవరి ప్రేమ పెద్దదని ఆనాడు అడిగి ఉంటే అందరూ మొదటావిణ్ణే చూపేవారు.

బళ్లారిలో, బెంగళూరులో, మద్రాసులో అభిమాన సంఘాలు మనకూ ఉన్నాయి. సినిమా నటులకున్నాయి, గాయకులకున్నాయి. ఊరి పాటగత్తె పదిమందికి తెలియగానే ఆమె చుట్టూ ఒక సంఘం, సంఘానికి ఒక పెద్ద తయారవుతారు. చందా పుస్తకం ఆయన దగ్గరుంటుంది, కారు ఆయనే పంపుతాడు, ఎవరు కలవాలో ఎవరు కలవకూడదో ఆయనే చెబుతాడు. అమ్మాయి భద్రత కోసమే అంటాడు. నిజంగా భద్రత కోసమే కావచ్చు. అలా ఎన్నో కుటుంబాలకు సాయపడిన పెద్దమనుషులున్నారు. అయితే భద్రత పేరుతో ఆమెకూ లోకానికీ మధ్య తానొక్కడే తలుపుగా నిలబడ్డవాణ్ణి కాస్త జాగ్రత్తగా చూడాలి. లెక్క అడిగితే నొచ్చుకునేవాణ్ణి మరీ జాగ్రత్తగా చూడాలి. చందా లెక్క ఏటా నలుగురి ముందు చదివితే డబ్బుకే కాదు, పాడే పిల్లకూ రక్షణ.

2025 మార్చిలో ముప్పై ఏళ్లు నిండడంతో సాల్దీవార్ విడుదల అర్జీ టెక్సాస్ బోర్డు ముందుకు వచ్చింది. సెలీనా చనిపోయాక పుట్టిన పిల్లలు కూడా విడుదల వద్దని గొంతెత్తారు. బోర్డు అర్జీ తోసిపుచ్చింది. మళ్లీ 2030లో చూస్తారు. అభిమానుల ఆందోళన న్యాయమైనదే. కాని ఆందోళన అక్కరకు వచ్చే సమయం 1995 జనవరి. అప్పుడు దాని రూపం చాలా చిన్నది. తపాలాలో వచ్చిన ఒక ఫిర్యాదు.

అబ్రహాం ఆ ఉత్తరాల్ని చదివాడు. చదివి లెక్కలు వెతికాడు. లెక్కలు తేల్చడానికి మాత్రం కూతురు ఒంటరిగా వెళ్లింది.