ఓర్వకల్లు చిప్ ఫ్యాక్టరీ: పరిశోధన ఖర్చుకు పన్నులో ఊరట ఎంత?

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో రూ.14 వేల కోట్లతో సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీ పెట్టేందుకు ఇండిచిప్ సంస్థ 2025 జనవరిలో ఏపీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మరి ఇలాంటి కంపెనీలు పరిశోధనపై పెట్టే ఖర్చుకు పన్ను మినహాయింపు ఉందా? ఉంది, కానీ మునుపటంత లేదు.

కేంద్ర డీఎస్ఐఆర్ ఆమోదించిన సొంత ల్యాబ్‌లో రూ.100 ఖర్చు పెడితే, గతంలో ఆదాయంలోంచి రూ.200 తీసేసి మిగతాదానిపైనే పన్ను లెక్కగట్టేవారు. స్థలం, భవనాల ఖర్చు ఇందులోకి రాదు. 2017 ఏప్రిల్ నుంచి అది రూ.150కి, 2020 ఏప్రిల్ నుంచి రూ.100కి తగ్గింది. అంటే పెట్టినంతే మినహాయింపు, పైన పైసా రాదు. పైగా కొత్త ఫ్యాక్టరీకి మొదటి ఏళ్లలో లాభాలే కష్టం, కాబట్టి మినహాయింపు వెంటనే అక్కరకు రాకపోవచ్చు.

కొత్త తయారీ కంపెనీలకు ఇచ్చిన 15 శాతం పన్ను రేటు కూడా 2024 మార్చి 31లోపు ఉత్పత్తి మొదలుపెట్టిన వాటికే. ఓర్వకల్లు ఒప్పందం నాటికే ఆ గడువు దాటిపోయింది.