గోదావరి ఊళ్లు చెప్పిన గుండె లెక్క

మే 17 ప్రపంచ రక్తపోటు దినం. ఈ సందర్భంగా గోదావరి జిల్లాల గుండె చరిత్ర వెతికితే పాతకాలమంతా దాదాపు ఖాళీ. రాజమహేంద్రవరాన్ని ఏలిన చాళుక్యుల శాసనాల్లో దానాలున్నాయి, రెడ్డిరాజుల కాలం నుంచి కావ్యాలు మిగిలాయి. జనం దేనితో పోయారో మాత్రం ఎవరూ రాయలేదు. కంపెనీ దొరల కాగితాల్లో కరువు, కలరా, జ్వరాలు కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక అన్నానికి లోటు తగ్గింది.

రక్తపోటు ఎలా పెరుగుతుందో చెప్పే ఆధారం మాత్రం దూరదేశంలో దొరికింది. 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కుందేలు మూత్రపిండాల రసం ఎక్కిస్తే రక్తపోటు పెరగడం చూసి, అందులోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. భీమవరంలో పుట్టి తర్వాత శాస్త్రవేత్తగా పేరుపొందిన యల్లాప్రగడ సుబ్బారావుకు అప్పుడు మూడేళ్లు. కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్‌ను రెనిన్ కోస్తే పది అమైనో ఆమ్లాల గొలుసు వస్తుందనీ, అందులో రెండు తెగిపోతే యాంజియోటెన్సిన్-2 మిగులుతుందనీ తర్వాత తేలింది. అది ఏటీ1 అనే గ్రాహకాన్ని పట్టుకుంటే రక్తనాళాలు బిగుస్తాయి, ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి. రక్తం పోయినప్పుడు ప్రాణం కాపాడేదీ ఇదే. కానీ ఏళ్ల తరబడి అదే పని సాగితే గుండె గోడ దళసరెక్కి బిరుసవుతుంది. ఏటీ2 అనే మరో గ్రాహకం చాలావరకు దీనికి ఎదురు పనిచేస్తుంది. ‘యాంజియోటెన్సిన్’ పేరు ఖరారైన 1958లోనే కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల మొదలైంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 2003-04 నాటిది. బైర్రాజు ఫౌండేషన్ అనే సేవాసంస్థ పనిచేస్తున్న 45 గోదావరి ఊళ్లలో, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థతో కలిసి మరణాల లెక్క తీశారు. జనాభా 1,80,162. ఏడాదిలో 1,354 మంది పోయారు. పల్లెల్లో చాలామంది ఇంట్లోనే కన్నుమూస్తారు, డాక్టరు కాగితం ఉండదు. అందుకే శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్లకు వెళ్లి, అరుగు మీద కూర్చుని అయినవాళ్లను అడిగారు. ఛాతీలో నొప్పి వచ్చిందా? కాలూ చెయ్యీ పడిపోయాయా? ఆయాసం ఎన్నాళ్లుంది? దుఃఖం ఇంకా ఆరని ఇంట్లో ఈ ప్రశ్నలు అడగడం ఎంత కష్టమో, వాటికి ఓపిగ్గా జవాబు చెప్పడం అంతకన్నా కష్టం. అయినా 98 శాతం మరణాలకు వివరాలు దొరికాయి. ఆ జవాబులను వైద్యులు చదివి కారణం తేల్చారు. గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతం. అంటురోగాలు 12 శాతమే. పల్లెటూళ్లలో జ్వరాలే చంపుతాయన్న నమ్మకాన్ని మన ఊళ్లే చెరిపేశాయి. 2006లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయిన ఆ లెక్క వెనక మనవాళ్ల కన్నీళ్లున్నాయి.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. రక్తపోటుకు మందులు అప్పటికే ఉన్నాయి. యాంజియోటెన్సిన్-2 తయారీని ఆపే క్యాప్టోప్రిల్ బ్రెజిల్ పాము విషంపై పరిశోధన నుంచి పుట్టి 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఏటీ1ను అడ్డుకునే లోసార్టన్ 1995లో వచ్చింది. అదే కోవకు చెందిన టెల్మిసార్టన్ ఇప్పుడు మన మందుల షాపుల్లో మామూలు బిళ్ల. తర్వాత పశ్చిమ గోదావరిలో 54 ఊళ్లలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ కంప్యూటర్లిచ్చి గుండె ముప్పును లెక్కగట్టించే ప్రయోగం చేశారు. ట్యాబ్ ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ రక్తపోటు అదుపులో పెద్ద తేడా రాలేదు. లోపం మందులో ఉందనుకోను. రోజూ మింగడంలోనే మనం ఓడుతున్నాం.

ముప్పై దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ ఉచితంగా చూస్తారు, ఈ వారమే వెళ్లండి. ఇప్పటికే బిళ్ల వేసుకుంటున్నవారు ఒంట్లో బాగుందని డాక్టరును అడక్కుండా మానొద్దు.