ప్రొవిజనింగ్: దారిబత్తెం నుంచి యూజర్ ఖాతా దాకా

‘ప్రొవిజనింగ్’కు మూలం లాటిన్ క్రియ ‘ప్రోవిదేరె’. ‘ప్రో’ అంటే ముందు, ‘విదేరె’ అంటే చూడటం. ముందుచూపుతో సమకూర్చడమే అసలు అర్థం. ఇంగ్లీషులో అది సైన్యాలకూ ఓడలకూ దారిబత్తెం నింపడమైంది. మన కిరాణా కొట్ల మీద ‘ప్రొవిజన్ స్టోర్స్’ అన్న బోర్డు ఆ పాత అర్థాన్నే ఇంకా మోస్తోంది. తర్వాత టెలిఫోన్ సంస్థలు చందాదారుకు లైను సిద్ధం చేయడాన్నీ ఇదే మాటతో పిలిచాయి.

ఇప్పుడు యూజర్ల గుర్తింపును, ప్రవేశాన్ని నిర్వహించే ఐడెంటిటీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ మాట ఉంది. అక్కడ యూజర్ ప్రొవిజనింగ్ అంటే ఉద్యోగికి ఖాతానూ తగిన అనుమతులనూ ఏర్పరచడం. ఒకచోట సృష్టించిన ఖాతా అక్కడి నుంచి బయటి అప్లికేషన్లకు వెళితే అది ‘అవుట్‌బౌండ్’. దాన్ని అమర్చేటప్పుడు అవతలి అప్లికేషన్ చిరునామా, ప్రవేశానికి టోకెన్ ఇవ్వాలి. ఇక్కడి ఏ వివరం అక్కడ ఏ గడిలో పడాలో జతపరచాలి. ఈ జతపరచడంలో తప్పులు దొర్లే వీలుంది. 2015లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలు) 7643, 7644లుగా వెలువడిన ‘స్కిమ్’ (SCIM) ప్రమాణం ఇలా ఖాతాలు పంపడానికి ఉమ్మడి భాష.

దీనికి ఎదురు మాట డీప్రొవిజనింగ్: ఉద్యోగి వెళ్లిపోగానే అన్నిచోట్లా ఖాతా మూసేయడం. భద్రతకు ఇదే కీలకం. తెలుగులో ‘ఖాతాల ఏర్పాటు’, ‘ఖాతాల తొలగింపు’ అంటే చక్కగా సరిపోతుంది.