‘మీ వంశంలో ఎవరికైనా ఉందా?’

మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా రాళ్ల క్వారీలో కంకర కొట్టింది. నలభై దాటాక చేతివేళ్లు వాచి, వంకరపోయి, పొద్దున లేచి చెంబు కూడా పట్టుకోలేని స్థితి వచ్చింది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు రక్తపరీక్ష చూసి, “ఇది కీళ్లవాతం. మీ వంశంలో ఎవరికైనా ఉందా?” అనడిగాడు. “లేదు సారూ” అంది అమ్మ. ఆయన నమ్మినట్టు లేదు. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. కేసు షీటులో ‘వృత్తి’ అన్న గడిలో ‘హౌస్‌వైఫ్’ అని రాసుంది.

క్వారీ దుమ్ము వల్లే మా అమ్మకు ఈ జబ్బు వచ్చిందని నేను తేల్చి చెప్పలేను. కానీ వంశం గురించి అడిగిన నోరు పని గురించి ఎందుకు అడగలేదు? ఈ ప్రశ్నకు వెనక ఒక చరిత్ర ఉంది.

కీళ్లవాతం (రుమటాయిడ్), ల్యూపస్, స్క్లెరోడెర్మా వంటి వాటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే ఒంటి మీద దాడి చేస్తాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, శరీరం తనకు తాను హాని చేసుకోకుండా చూసుకుంటుందన్నాడు. ఆ మాట దశాబ్దాల పాటు చెల్లుబాటయింది. 1956లో నోయల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ కుందేళ్ల థైరాయిడ్ మీద చేసిన ప్రయోగాలు దాన్ని గట్టిగా దెబ్బతీశాయి. జబ్బు ఉందని ఒప్పుకున్నారు సరే, మరి అది ఎందుకొస్తుంది? తేలిగ్గా దొరికిన జవాబు: రక్తంలోనే ఉంది, వంశపారంపర్యం.

ఇది పూర్తిగా అబద్ధం కాదు. జన్యువుల పాత్ర ఉంది. కానీ ఎంత? అచ్చు ఒకేలా పుట్టిన కవలలను చూద్దాం. వాళ్లిద్దరి జన్యువులూ ఒకటే. ఒకరికి ల్యూపస్ వస్తే రెండో వారికీ వచ్చింది సుమారు 24 శాతం జంటల్లోనే అని 1992లో వచ్చిన అమెరికా అధ్యయనం చెప్పింది. అంతా రక్తంలోనే ఉంటే మిగతా కవలలు ఎలా తప్పించుకున్నారు?

జవాబులో ఒక భాగం ఎపిజెనెటిక్స్‌లో దొరికింది. ఈ మాటను 1942లో బ్రిటిష్ శాస్త్రవేత్త వాడింగ్టన్ వాడుకలోకి తెచ్చాడు. మన కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉన్న డి.ఎన్.ఏ. ఒకటే. ఏ జన్యువు పనిచేయాలి, ఏది మూతబడి ఉండాలి అన్నది దాని మీద పడే రసాయన గుర్తుల మీద కూడా ఆధారపడుతుంది. వాటిలో ముఖ్యమైనది మిథైల్ గుర్తు. చాలా చోట్ల ఈ గుర్తు ఉంటే జన్యువు మూతబడి ఉంటుంది, చెరిగితే తెరుచుకుంటుంది. డి.ఎన్.ఏ. రాత మారదు, దాని నడక మారుతుంది.

ఈ గుర్తులకూ జబ్బుకూ సంబంధం ఉందని బయటపెట్టింది మందులు. రక్తపోటుకు వాడే హైడ్రలజీన్ వల్ల కొందరికి ల్యూపస్ లాంటి జబ్బు వస్తోందని 1950లలోనే గమనించారు. గుండెకు వాడే ప్రొకైనమైడ్ కూడా అంతే. మందు ఆపితే చాలామందిలో జబ్బు తగ్గేది. 1988లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ రిచర్డ్‌సన్ బృందం, ఈ రెండు మందులూ టి కణాల్లో మిథైల్ గుర్తులు పడకుండా అడ్డుకుంటున్నాయని చూపించింది. 1990లో ల్యూపస్, కీళ్లవాతం రోగుల టి కణాల్లోనూ ఆ గుర్తులు తక్కువగా ఉన్నాయని తేల్చింది. 2010లో ఒకరికి ల్యూపస్ ఉండి మరొకరికి లేని కవలల్లోనూ ఈ గుర్తుల తేడా కనిపించింది.

ల్యూపస్ వచ్చిన 10 మందిలో 9 మంది ఆడవాళ్లే. ఆడవాళ్ల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి, వాటిలో ఒకటి మూతబడి ఉంటుంది. ఆ మూతపడ్డ దాని మీద గుర్తులు చెరిగి ఒక జన్యువు అదనంగా పనిచేస్తోందని 2007లో రిచర్డ్‌సన్ బృందమే చూపించింది.

ఇప్పుడు దుమ్ము సంగతి. స్కాట్లండ్‌లో బ్రామ్‌వెల్ అనే డాక్టరు రాతి పనివాళ్లలో స్క్లెరోడెర్మాను గుర్తించి రాసింది 1914లో. వేల్స్ బొగ్గుగని కార్మికుల్లో కీళ్లవాతంతో పాటు ఊపిరితిత్తుల్లో గడ్డలను కాప్లన్ రాసింది 1953లో. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో స్క్లెరోడెర్మా గురించి ఎరాస్మస్ రాసింది 1957లో. సిలికా దుమ్ముకూ ఈ జబ్బులకూ సంబంధం ఉందని తర్వాతి అధ్యయనాలు బలపరిచాయి. పొగాకు పొగ రక్తకణాల మిథైల్ గుర్తులను మారుస్తుందని రుజువైంది, అది కీళ్లవాతం ముప్పును పెంచుతుందనీ తెలుసు. దుమ్ము ఏయే దారుల్లో పనిచేస్తుందో పరిశోధన ఇంకా సాగుతోంది. దుమ్ము ఎవరు పీలుస్తారో తెలుసుకోవడానికి మాత్రం ఏ పరిశోధనా అక్కర్లేదు. క్వారీకి వెళ్లి చూస్తే చాలు.

రక్తం పేరు చెప్పి మనుషుల స్థానాన్ని ఖాయం చేయడం మనకు కొత్త కాదు. వంశశుద్ధి శాస్త్రం పేరుతో కులాన్ని సమర్థించిన వాళ్లకు అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో జవాబిచ్చాడు. అయితే ఇక్కడ మనమూ జాగ్రత్త పడాలి. తరతరాల బాధ మన జన్యువుల మీద చెరగని ముద్రగా పడిపోయిందని కొత్త శాస్త్రం పేరుతో చెప్పేవాళ్లు వస్తారు. మనుషుల్లో అలా తరాలు దాటుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఒప్పుకుంటే అది పూర్వజన్మ కర్మకు మరో పేరవుతుంది. మందు ఆపితే తగ్గిన ల్యూపస్ చెప్పేది వేరు: కారణం బయట ఉన్నప్పుడు దాన్ని ఆపొచ్చు.

క్వారీలో నీళ్లు చల్లి రాయి కొట్టించడం, దుమ్మును అదుపు చేయడం, కార్మికులకు వైద్య పరీక్షలు జరిపించడం దానం కాదు, హక్కు. ఆ హక్కు అడగాలంటే ముందు మన పని కాగితం మీదికెక్కాలి. మనవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లే విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు ఆ ‘వృత్తి’ గడిని దగ్గరుండి నింపించాలి. ఈసారి వెళ్లినప్పుడు మా అమ్మ కేసు షీటులో ‘హౌస్‌వైఫ్’ కొట్టేయించి, ‘కంకర కొట్టే కూలీ, ఇరవై ఏళ్లు’ అని రాయించాను.