బ్యోమకేశ్ బక్షీ (దూరదర్శన్ ధారావాహిక)

వంగదేశీయుఁడగు శరదిందు బంద్యోపాధ్యాయుఁడు 1932 మొదలుకొని రచించిన అపరాధపరిశోధక కథలను, నవలలను ఆధారముగాఁ గొని, బాసు చటర్జీ దర్శకత్వమున హిందీలో రూపొంది, ఢిల్లీ కేంద్రముగాఁ గల దూరదర్శన్ జాతీయ ప్రసారమున 1993లో వెలువడిన ధారావాహిక. కథానాయకుఁడగు పరిశోధకుఁడు బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్, అతని మిత్రుఁడు అజిత్‌గా కె.కె. రైనా నటించిరి.

ఇందలి పూర్వకాలపు కలకత్తా వట్టి అలంకారము గాదు. గ్రామఫోను ముల్లును సైకిలు గంటలో నిమిడ్చి, నడివీథిలో బాటసారి గుండెలోనికిఁ బ్రయోగించు హంతకుని కథ యందు ఆ కాలపు వస్తువే ఆయుధము. దానిని నేఁటి కాలమునకు మార్చినచో రహస్యమే నశించును.

మూలగ్రంథములందుఁ బెక్కు కథలు అజిత్ చెప్పినవి గావున, అతఁడెఱుంగనిది పాఠకుఁడెఱుంగఁడు. సర్వమును జూడఁగల కెమెరాకు ఆ మితిని విధించుటయే ఇట్టి అనుసరణమునఁ గడుఁ గష్టతరమైన పని. ఈ ధారావాహిక రెండవ భాగము 1997లో ప్రసారమయ్యెను.