సర్పంచిగారి సంతకం

మా పుట్టింటివారి ఊరు కోనసీమలో కాలువ గట్టున ఉంది. ఊరి పేరెందుకు లెండి. 1995లో ఆ ఊరి సర్పంచి పదవి ఆడవారికి కేటాయించారు. నాకు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ నిలబడి గెలిచింది. అప్పటికి నాకు పధ్నాలుగేళ్ళు. ఊళ్ళోవాళ్ళంతా వచ్చి బాబాయి మెడలో దండలు వేశారు. పిన్ని వంటింట్లో వచ్చినవాళ్ళందరికీ కాఫీలు కలుపుతోంది. "గెలిచింది నువ్వా, బాబాయా పిన్నీ?" అని అడిగాను. "నోరు ముయ్యవే, ముందా గ్లాసులు పట్టుకెళ్ళు" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

దండ పిన్ని మెడలో పడకపోతే పోయింది. ఆవిడ పేరు ఆ కాగితం మీదికి రావడానికి మాత్రం ఢిల్లీలో మూడు ప్రభుత్వాలు తంటాలు పడ్డాయి. ఆ కథ మనం తెలుసుకోవలసిందే.

మన రాజ్యాంగం రాసిన సభలో పదిహేనుగురు స్త్రీలు ఉన్నారు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిగారు వారిలో ఒకరు. ఆ సభలోనే 1948 నవంబరులో, రాజ్యాంగంలో పల్లెటూరి ఊసే లేదేమని సభ్యులు గొడవ చేస్తే, గ్రామ పంచాయతీలు ఏర్పాటు చెయ్యాలని 40వ అధికరణం చేర్చారు. మన ప్రకాశం పంతులుగారు దాన్ని బలపరిచారు. కాని అది ఆదేశిక సూత్రాల్లో చేరింది. అంటే పెద్దలు చెప్పిన హితవు లాంటిదన్న మాట. వింటే మంచిదే, వినకపోతే కోర్టుకెక్కి అడిగే వీలు లేదు.

ఇక ఆడవారికి ప్రత్యేక స్థానాలంటారా, 1947లో రేణుకా రే గారు అవి అక్కరలేదనే చెప్పారు. సమర్థత ఉన్నవారిని దేశమే గుర్తిస్తుందని వారి నమ్మకం. ఆ ఆత్మాభిమానానికి చేతులెత్తి దండం పెట్టాలి. కాని తరవాత జరిగిందేమిటి? 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ పంచాయతీల పద్ధతి సూచించినప్పుడు ఇద్దరు స్త్రీలను కో-ఆప్ట్ చేసుకుంటే చాలనుకుంది. 1959లో రాజస్థాన్ తరవాత మన ఆంధ్రప్రదేశే పంచాయతీ రాజ్యం మొదలుపెట్టింది. పేరు గొప్పే. సభలో కుర్చీ మాత్రం మగవారిదే. ఎన్నికలు ఎప్పుడు పెట్టాలన్నదీ ప్రభుత్వం ఇష్టమే.

1989 మేలో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 64వ రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చింది. పంచాయతీలకు అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరిగి తీరాలని, నూటికి ముప్ఫై స్థానాలు స్త్రీలకివ్వాలని అందులో ఉంది. వినడానికి ఎంత బాగుంది! కాని రాష్ట్రాల ప్రభుత్వాలు కస్సుమన్నాయి. పంచాయతీలు రాష్ట్రాల వ్యవహారం కదా, మమ్మల్ని దాటేసి ఢిల్లీ నుంచి తిన్నగా ఊళ్ళోకి దిగుతారా అన్నాయి. నేషనల్ ఫ్రంట్‌కి అధ్యక్షులు అప్పుడు మన ఎన్.టి. రామారావుగారే. వారిదీ ఆ మాటే. రాజ్యాంగం మార్చాలంటే ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది సరేననాలి. లోక్‌సభ సరేనంది. రాజ్యసభలో అక్టోబరు 13న కొద్ది ఓట్లు తక్కువై బిల్లు వీగిపోయింది.

వియ్యాలవారు మర్యాదల దగ్గర పట్టుదలకు పోతే పీటల మీద పెళ్ళికూతురి గతి ఏమవుతుంది? మన ముప్ఫై స్థానాల గతీ అదే అయింది. పోనీ, పోట్లాడుకున్నవాళ్ళు బాగుపడ్డారా? ఆ నవంబరు ఎన్నికల్లో రాజీవ్ గాంధీ ఢిల్లీలో గద్దె దిగారు, రామారావుగారు హైదరాబాదులో దిగారు. ఈ ఒక్క బిల్లు వల్లనే అలా అయిందని నేననను. బోఫోర్సు గొడవ లాంటివి చాలా ఉన్నాయి. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం ఇంకో బిల్లు పెట్టింది. ప్రభుత్వంతో పాటు అదీ పోయింది.

చివరికి పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం 1991లో మళ్ళీ బిల్లు తెచ్చింది. ఈసారి చాలా సంగతులు రాష్ట్రాలకే వదిలి, మూలసూత్రాలు మాత్రం గట్టిగా పట్టుకున్నారు. అయోధ్య గొడవలతో దేశం అట్టుడుకుతున్న 1992 డిసెంబరులో, 22న లోక్‌సభ, 23న రాజ్యసభ దానికి ఒప్పుకున్నాయి. 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ సవరణ అమలులోకి వచ్చింది. స్థానాల్లోనూ, అధ్యక్ష పదవుల్లోనూ మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలకు. అయిదేళ్ళకోసారి ఎన్నికలు. వాటికోసం ప్రతి రాష్ట్రంలోనూ ఒక ఎన్నికల సంఘం. దాన్నిబట్టి 1994లో మన రాష్ట్రం చట్టం చేసింది, 1995లో ఎన్నికలు పెట్టింది. మా పిన్ని సర్పంచి అయింది.

ఆ 1994 చట్టంలోనే ఒక మెలిక కూడా ఉంది. ఇద్దరికంటె ఎక్కువమంది పిల్లలుంటే పోటీకి పనికిరారన్నారు. ఎంతమంది బిడ్డలన్నది మన ఇళ్ళల్లో ఆడది ఒక్కతే తేల్చే సంగతా? అయినా పదవికి పనికిరాకుండా పోయింది ఆవిడే. ఆ నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీసేసింది. స్త్రీల వాటా 2011లోనే సగానికి పెరిగింది. అయిదేళ్ళ గడువు మాటంటారా, రాజ్యాంగంలో ఉన్నా 2018 ఆగస్టులో ముగిసిన పంచాయతీలకు ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గాని జరగలేదు. రాసి ఉన్నంత మాత్రాన కాదు సుమండీ, అడిగేవాళ్ళుండాలి.

మా పిన్ని సంగతి చెప్పి ముగిస్తాను. మొదటి రెండేళ్ళూ బాబాయి చూపించినచోట సంతకం పెట్టింది. మా వైపు ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కట్టేలోగా మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, లేకపోతే ఊరంతా బిందెలు పట్టుకుని తిరగాలి. ఒక ఏడు చెరువు పూడిక తీసినట్టు బిల్లు వచ్చింది. పిన్ని పెన్ను తీసి, ఆగి, "చెరువు చూసొస్తాను" అని లేచింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు వెంట నడిచారు. చూస్తే ఒక మూల గీకి వదిలేశారు. "తవ్వాక పెడతాను సంతకం" అని కాగితం తిప్పి పంపేసింది. బాబాయి వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారంలోనే చెరువు తవ్వారు. కాలువ కట్టేలోగా నీళ్ళు నిండాయి.

ఆవిడకి 73వ సవరణ అంటే ఏమిటో ఆనాటికీ తెలియదు. తన సంతకం లేనిదే బిల్లు కదలదని మాత్రం తెలిసింది. చట్టం కుర్చీ ఇస్తుంది గాని, అందులో కూర్చోవలసింది మనమే కదా!

2023లో 106వ సవరణ చేసి శాసనసభల్లోనూ, లోక్‌సభలోనూ మూడో వంతు స్త్రీలకన్నారు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక అని షరతు పెట్టారు. అది ఢిల్లీ మాట. మన ఊళ్ళో గ్రామసభ జరిగేనాడు పొయ్యి మీద కూర కాస్సేపు దింపి వెళ్ళి కూర్చోవడానికి ఏ షరతూ లేదు. ఈసారి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి, పక్కింటావిడను కూడా పిలవండి.