కక్కయ్య ఫిర్యాదు: బ్రహ్మంగారి మఠపు సంవాద సంప్రదాయమును, ఆరోగ్య సమానత్వమును గూర్చి ఒక పరిశీలన

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిని గూర్చి వ్రాసినవారిలో అధికసంఖ్యాకులు కాలజ్ఞానము వద్దనే ఆగిపోయినారు. ఏ వచనము ఏ సంఘటనతో సరిపోలినది, ఏది ఇంకను జరుగవలసియున్నది అను లెక్కలలో వారి పాండిత్యమంతయు వ్యయమైపోగా, ఆ మహనీయుడు కందిమల్లయపల్లెలో కూర్చుండి ఎవరితో మాటలాడెను, ఏమి మాటలాడెను, ఆ మాటల వలన ఎవరి ఇంట ఏమి మారినది అను ప్రశ్న అనాథయై మిగిలిపోయినది. ఇది నాకు చిరకాలముగా బాధాకరమైన విషయము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతపు పల్లెలలో బ్రహ్మంగారి నాటకము ఆడు రాత్రులలో ప్రేక్షకుల ముఖములను గమనించినవారికి ఒక సంగతి స్పష్టముగా గోచరించును: భవిష్యద్వచనములు చెప్పునపుడు జనము తలలూపుదురు, కక్కయ్య ఘట్టము వచ్చునప్పటికి ఊపిరి బిగబట్టుదురు. ఈ వ్యాసమునకు మూలమైన ఊహ అచ్చటనే అంకురించినది.

ఆ ఘట్టమును తెలియని కడప జిల్లావాసి యుండడు గావున కథను కాక, కథ యొక్క నిర్మాణమును మాత్రమే పరిశీలింతము. మానవదేహములో షట్చక్రములున్నవనియు, వాటి యందు దేవతలు నెలకొనియున్నారనియు గురువు తన శిష్యుడైన సిద్దయ్యకు బోధించుచుండగా, మాదిగ కులస్థుడైన కక్కయ్య దూరమున నుండి వినెను. అతనికి ఎవరును చెప్పలేదు, అతడు విన్నాడు. విన్న దానిని నిజమని నమ్మి, ఇంటికి పోయి, నిద్రించుచున్న తన భార్య దేహమును ఖండించి చూచెను. దేవతలు కనబడలేదు, రక్తమాంసములు మాత్రమే కనబడినవి. అప్పుడతడు దుఃఖించుచు మూల కూర్చుండలేదు. తిన్నగా గురువు కడకు వచ్చి, నీ మాట అబద్ధము, నీ మాట నమ్మి నా ఇల్లు నాశనమైనది అని నిలదీసెను. గురువు కోపించలేదు, అతనిని గెంటింపలేదు, నీకు వినుటకు అధికారమెక్కడిదని ప్రశ్నింపలేదు. లేచి సిద్దయ్యను వెంటబెట్టుకొని కక్కయ్య ఇంటికి నడచెను. ఆ శరీరమునందే తాను చెప్పిన దానిని చూపించి, ఆమెకు ప్రాణము పోసి, కక్కయ్యను శిష్యునిగా స్వీకరించెను.

ఇందులో మహిమ ఎంత, చరిత్ర ఎంత అను వివాదములోనికి నేను దిగను. నాకు ముఖ్యమైనది క్రమము. మొదట బోధ గలదు, కాని అది ఒకరికే చెప్పబడినది. తరువాత ఆ బోధ వలన, లేదా బోధ అందవలసిన తీరున అందకపోవుట వలన, ఒక ఇంట అనర్థము జరిగినది. ఆపైన ఫిర్యాదు, ఫిర్యాదు తరువాత పెద్దవాని నడక, నడక తరువాత స్వస్థత. స్వస్థతకు ముందు ఫిర్యాదు తప్పనిసరిగా నిలిచియున్నది. అందరము ఒక్కటే అను ఉపన్యాసముతో మొదలైన సమావేశముల వంటిది కాదిది. నీ వలన నాకు కీడు జరిగినది అను మాటతో మొదలైనది. అంతియేకాదు, ఆ సంభాషణకు వస్తువు దేహము. బ్రాహ్మణునకును మాదిగకును దేహమున ఉన్న చక్రములు ఆరే అను తత్త్వము వాదమున నెగ్గినది కాదు. వాడలోని ఒక గుడిసెలో, ఒక స్త్రీ దేహముపై నిరూపింపబడినది. మూడు శతాబ్దములకు పూర్వమే ఆరోగ్యమును, సమానత్వమును ఒకే ప్రశ్నగా చూచిన ప్రజాసంప్రదాయము మన గడ్డపై నున్నదని దీనిని బట్టి చెప్పవచ్చును.

సిద్దయ్య వృత్తాంతము దీనికి జంట. ముడుమాలకు చెందిన ఆ దూదేకుల బాలుడు గురువును ఆశ్రయించినపుడు అతని వారు నవాబుకు మొరపెట్టుకొనిరి. నవాబు పిలిపించి విచారించెను. సిద్దయ్య తన విశ్వాసమును సభలోనే నిరూపింపవలసి వచ్చెను. ఇచ్చట కూడ సంవాదమును మొదలుపెట్టినది అభియోగమే. నేటికిని ముడుమాలలోని సిద్దయ్య మఠమునకు ఇరు మతములవారును పోవుచున్నారు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచి వేంకటేశ్వరుని దర్శించుటయు, నగరమందలి పెద్ద దర్గాకు హిందువులు పోవుటయు ఈ సీమకు వింతలు కావు.

ఇక పూర్వపరిశోధనకు వత్తును. 2001లో డర్బన్ నగరమున జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ మహాసభకు ముందు, కులవివక్షను అందులో చర్చింపవలెనని దళిత సంఘములు కోరగా భారత ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆ సందర్భమున సుప్రసిద్ధ సమాజశాస్త్రవేత్త ఆంద్రే బెతేయ్ హిందూ పత్రికలో వ్రాసిన వ్యాసమున, కులమును జాతిగా పరిగణించుట శాస్త్రదృష్టిలో నిరర్థకమని వాదించెను. ఆయన పాండిత్యమునకు నా నమస్కారము. నిర్ణయమునకు మాత్రము నా అసమ్మతి. కులమునకు జీవశాస్త్ర పునాది లేదనుట నిజము, కాని జాతికి మాత్రము ఉన్నదా? అమెరికాలో నల్లజాతి స్త్రీల దేహములు వయస్సుకు మించి శిథిలమగుచున్నవని 1992లో ఆర్లీన్ జెరోనిమస్ ప్రతిపాదించినపుడు, ఆమె కారణమును రక్తములో వెదకలేదు. నిత్యావమానములోను, నిత్యశ్రమలోను వెదకినది. మాలవాడ, మాదిగవాడ బావి ఊరికి ఎంత దూరమున నున్నది, పురిటి మంత్రసాని ఏ గుమ్మము వరకు వచ్చెడిది అను ప్రశ్నలకు జీవశాస్త్రము ఎందుకు? బెతేయ్ తంజావూరు జిల్లాలోని శ్రీపురమున, అగ్రహారములో బ్రాహ్మణుల ఇంట నివసించి తన ప్రసిద్ధ గ్రంథమునకు సామగ్రి సేకరించెను. అగ్రహారము నుండి చూచినవానికి కులము ఒక వ్యవస్థగా కనబడును. వాడ నుండి చూచినవానికి అది ఒంటిమీద కనబడును. ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘము 2002లో తన 29వ సాధారణ సిఫారసున, వంశపరంపరను బట్టి జరుగు వివక్ష కులమునకును వర్తించునని స్పష్టపరచినది. వాదము అంతటితో తీరవలసినది. మన విశ్వవిద్యాలయములలో తీరలేదు.



ఇక ఈ జిల్లాలో వైద్యము వాడకు చేరిన తీరును చూతము. జమ్మలమడుగున 19వ శతాబ్దపు చివరి దశాబ్దమున లండన్ మిషను వైద్యుడు క్యాంబెల్ పేర వెలసిన ఆసుపత్రి, ఈ జిల్లాలో మాల మాదిగలు సామూహికముగా మిషనును ఆశ్రయించిన కాలమునకు తరువాతి ఘట్టము. మందు అందరికిని ఒకే చేతితో ఇచ్చుట ఆనాటి పల్లెకు ఎంతటి క్రొత్త సంగతియో ఊహింపవచ్చును. 2005లో 108 వాహనములు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినవి. పులివెందుల నుండి వచ్చిన ముఖ్యమంత్రి కాలములో ఆరంభమైన ఈ రెండు పథకములు చికిత్సను చేరువ చేసినవనుటలో సందేహము లేదు. అయినను అవి వ్యాధి వచ్చిన తరువాతి మేలులు. ఊరు వాడతో మాటలాడు చోటును అవి కల్పింపలేవు.

మాటలాడు చోటు ప్రభుత్వమునకు లేకపోలేదు; రెండున్నవి. నెలకొకసారి, సాధారణముగా 30వ తేదీన, రెవిన్యూ, పోలీసు అధికారులు దళితవాడలో పౌరహక్కుల దినము జరుపుదురు: అంటరానితనము నేరమని, 1989 నాటి అత్యాచారనిరోధక చట్టమున్నదని చెప్పి, సమస్యలు విని పోవుదురు. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణారోగ్య మిషను క్రింద నెలకొకసారి అంగన్‌వాడీ వద్ద ఆరోగ్య పోషణ దినము జరుగును: ఏఎన్ఎమ్ వచ్చి టీకాలు వేయును, గర్భిణులను చూచును, ఆశా కార్యకర్త పేరు పేరున పిలుచును. మొదటి దినమున ఆరోగ్యము మాట రాదు, రెండవ దినమున కులము మాట రాదు. మఠమున ఒక్కటిగా నున్న ప్రశ్నను మనము రెండు శాఖలుగా చీల్చితిమి. అంగన్‌వాడీ ఊరిలో నుండి వాడ తల్లి అచ్చటికి పోవుటకు జంకినచో, ఆ జంకును ఏ దినమున ఎవరికి చెప్పవలెను?

మాటలాడు చోటు ఉన్నంత మాత్రమున చాలదు. తుమ్మలపల్లె యురేనియం గని విషయమున 2006లో ప్రజాభిప్రాయసేకరణ జరిగినది; తరువాతి కాలమున భూగర్భజలము చెడినదని చుట్టుప్రక్కల పల్లెలవారు మొరపెట్టిరి, గనిని నడుపు సంస్థ కాదన్నది. అభియోగము నమోదగుట ఒకటి, అభియోగము విన్నవాడు లేచి ఆ ఇంటికి నడచుట మరియొకటి. కడప జిల్లాలో సంవాదము విఫలమైన ప్రతిచోటను ఈ రెండవది లోపించినదని నా నిశ్చితాభిప్రాయము.

కావున జిల్లా అధికారులకును, మఠనిర్వాహకులకును నా విన్నపమిది. బ్రహ్మంగారిమఠము మండలమున పౌరహక్కుల దినమును, ఆరోగ్య పోషణ దినమును ఒకే రోజున, ఒకే చోట, వాడలోనే జరుపుడు. తహశీల్దారు మాటలాడుటకు ముందు వాడవారు మాటలాడవలెను. ఏఎన్ఎమ్, వైద్యాధికారి ప్రక్కనే కూర్చుండి వినవలెను. విన్న ఫిర్యాదుకు సమాధానమును ఆ నెలలోనే ఆ ఇంటి గడప వద్దకు పోయి చెప్పవలెను. వైశాఖ శుద్ధ దశమినాటి ఆరాధనకు లక్షలాదిగా జనము వచ్చుచున్న ఆ మఠమే దీనికి చొరవ చూపదగిన స్థలము. రానున్న ఆరాధన నుండియే ఆరంభింపవలెనని కోరుచున్నాను.